నీళ్ళు లేని ట్యాంక్‌బండ్లు మనకెందుకు?

ప్రపంచంలో చచ్చేలోపు చూసి తీరాల్సిన రోడ్లు అంటూ ఒక లిస్టు ఏడాదికి రెండుసార్లైనా మన గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో పేర్లు ఎప్పుడూ అవే. కాలిఫోర్నియాలో బిగ్ సర్ మీదుగా పోయే హైవే వన్, ఇటలీలో అమాల్ఫీ తీరం, ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్, నార్వేలో అట్లాంటిక్ రోడ్. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఓ ఎర్ర కారు. దాని కింద మనవాళ్ళ వ్యాఖ్య కూడా ఎప్పుడూ ఒకటే: "మన హైదరాబాదు-బెంగుళూరు రోడ్డూ ఉంది ఎందుకు? గుత్తి దాటితే పెనుకొండ దాకా హాయిగా నిద్రపోవచ్చు, చూడ్డానికేం లేదు."

ఈ మాట అనేవాళ్ళతోనే నా పేచీ. అనంతపురంలో నీటి పక్కన రోడ్లు లేవని ఎవరు చెప్పారండీ? బుక్కరాయసముద్రం కట్ట ఏమిటి మరి? ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు ఏమిటి? ఈ సీమలో చెరువుకట్ట అంటేనే దారి. ఎద్దులబండి పోయింది, ఎర్రబస్సు పోయింది, ఇప్పుడు మన కార్లు పోతున్నాయి. కాకపోతే ఇంకో పక్కకి తల తిప్పితే చాలా ఏళ్ళు నీళ్ళ బదులు కంపచెట్లు కనిపిస్తాయి. అసలు గొడవ అక్కడుంది.

ఆ లిస్టులోని రోడ్లకీ మన కట్టలకీ ఒక పెద్ద తేడా ఉంది. 2017 మే నెలలో బిగ్ సర్ దగ్గర మడ్ క్రీక్ అనే చోట కొండ విరిగి హైవే వన్ మీద పడింది. రోడ్డు సముద్రంలో కలిసిపోయింది. మళ్ళీ తెరిచేసరికి 2018 జులై అయింది. ఈ పద్నాలుగు నెలల్లో సముద్రానికేమైనా అయిందా? ఏమీ కాలేదు. రోడ్డున్నా లేకపోయినా అది అక్కడే ఉంటుంది. మన దగ్గర సంగతి వేరు. నీళ్ళు నిలవాలని కట్ట వేశారు, కట్ట ఉంది కాబట్టి దాని మీద దారి పడింది. అంటే రోడ్డు అనేది బై-ప్రాడక్టు. రేపు పైన వంకని ఎవడో పూడ్చేశాడనుకోండి, చెరువు చస్తుంది కానీ రోడ్డు మాత్రం శుభ్రంగా నడుస్తుంది. ట్రాఫిక్ ఆగదు కాబట్టి ఎవరికీ పట్టదు. మన భాషలో చెప్పాలంటే వెబ్ పేజీ చక్కగా తెరుచుకుంటోంది, డాష్‌బోర్డు అంతా పచ్చగా ఉంది, వెనక డేటాబేసు ఖాళీ.

అనంతపురంలో చెరువు అంటే సరదా కాదు. నైరుతి రుతుపవనాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యం ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడిపోతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా పద్ధతిగా పడదు. నెలల తరబడి చుక్క రాలదు, ఒక్క రాత్రిలో కుంభవృష్టి. ఆ ఒక్క రాత్రి వానని పట్టుకుని ఏడాదంతా వాడుకోవడానికి మన పెద్దలు కనిపెట్టిన యంత్రం చెరువు. వంక, కట్ట, తూము, మరవ - ఇవన్నీ ఆ యంత్రంలో భాగాలు. (మరవ అంటే మిగతాచోట్ల అలుగు, మత్తడి అంటారే, అదే.) చెరువు మరవ పారితే ఊరంతా కట్ట మీదికెక్కి గంగపూజ చేసేది ఊరికే కాదు.

బుక్కరాయసముద్రం చెరువునే తీసుకోండి. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు మీద దీన్ని కట్టించాడని గెజిటీర్లు చెబుతాయి. కట్టకి ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే ఇవాళ్టి అనంతపురం. అంటే మనం సొంతూరు అని చెప్పుకునే ఊరే ఒక చెరువుకట్ట చివర పుట్టింది. ఆ కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు తనని తాను బలిచ్చుకుందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం ఈవిడ గురించే. కట్టని ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే అంటారు.

గ్రేట్ ఓషన్ రోడ్డుకి కూడా ఇలాంటి కథే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా, చనిపోయిన తోటివాళ్ళ గుర్తుగా ఆ రోడ్డు వేశారు. మనవాళ్ళు అక్కడికెళ్ళి ఆ స్మారకం ముందు శ్రద్ధగా ఫోటో దిగుతారు. ముసలమ్మ కట్ట మీద మాత్రం హారన్ కొట్టుకుంటూ పోతారు.

పక్కనే కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెక్కించారు. పనివాళ్ళలో జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, నీరిచ్చే ఏరు దూరం నుంచి రావాలి, దగ్గర్లో రాయి దొరకాలి... వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టిందని లెక్క కూడా రాశారు. ఇంతకంటే మంచి రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు మనలో ఎంతమంది చూసుంటారు? ఆ పన్నెండింటిలో గ్రానైటు పలకల నడకదారి లేదు, రంగుల లైట్లు లేవు, 'ఐ లవ్ మా ఊరు' బోర్డు అంతకన్నా లేదు.

ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ అవే అడుగుతున్నారు. హైదరాబాదులో ఉందిగా, మనకీ ఓ ట్యాంక్‌బండ్ కావాలి! తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలన్నారు. అందులోనే మినీ ట్యాంక్‌బండ్లు కూడా పెట్టారు. జనానికి బాగా గుర్తున్నదేంటో అడిగి చూడండి, బెంచీలూ లైట్లే చెబుతారు. పూడిక నీళ్ళ కింద ఉంటుంది కాబట్టి ఫోటోలో పడదు.

అసలు ఆ హుస్సేన్‌సాగర్ కథేంటి? ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. ఒకప్పుడు ఊరికి తాగునీళ్ళిచ్చింది. తర్వాత మురుగు కలిసింది, ఫ్యాక్టరీల నీళ్ళు కలిశాయి. కట్ట మీద విగ్రహాలొచ్చాయి, మధ్యలో బుద్ధుడొచ్చాడు, రెండో వైపు నెక్లెస్ రోడ్డొచ్చింది. రోడ్డు వెలిగిపోయింది. నీళ్ళ దగ్గరికెళ్తే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే. దీన్ని ఆదర్శం అంటే ఎలా?

బెంగుళూరులో ఉన్నవాళ్ళకైతే నేను చెప్పక్కర్లేదు. మనం ఊరికెళ్ళడానికి బస్సెక్కే మెజెస్టిక్ ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. బెళ్ళందూరు చెరువు 2015లోనూ 2017లోనూ ఏకంగా తగలబడింది. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మునిగితే సాఫ్టువేరు వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకెళ్ళారు. చెరువు నుంచి చెరువుకి నీరు పారే కాలవల మీద కట్టిన అపార్టుమెంట్లలో ఉండేది మనమే కదా, ఆ వీడియోలు అందరికీ పంపించిందీ మనమే. అనంతపురానికి అదేమీ దూరం కాదు. ఆ మరుసటి నెలలోనే, 2022 అక్టోబరులో, నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. కరువు జిల్లాలో వరద! వంక దారి వంకకి వదిలేసి ఉంటే ఆ నీళ్ళు చెరువుకి పోయేవి.

"టూరిజం వద్దంటావా? నలుగురూ నడవడానికొస్తే కట్ట కబ్జా కాకుండా ఉంటుంది కదా" అని ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జనం తిరిగే కట్టని కొట్టేయడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ కబ్జా అయ్యేది కట్ట కాదండీ. చెరువు లోపలి అంచు, పైన వంక. మీరు నడిచే చోటికి అవి కనపడవు. కట్టకి టైల్స్ వేసి వంకని వదిలేయడమంటే తలుపుకి తాళం వేసి గోడ తీసేసినట్టు.

"హంద్రీ-నీవా వచ్చింది కదా, కృష్ణా నీళ్ళతో చెరువులు నింపుతారు" అనేవాళ్ళు ఇంకొందరు. రానివ్వండి, సంతోషం. జీడిపల్లి రిజర్వాయరు నిండితే ఎవరికి బాధ? కానీ ఆ నీళ్ళు శ్రీశైలం వెనక నుంచి మెట్టు మెట్టుకీ పంపులతో ఎత్తితే వచ్చేవి. ప్రతి మెట్టుకీ కరెంటు బిల్లుంది. తన వంకతో తాను నిండే చెరువుకి బిల్లు లేదు. ఉచితంగా వచ్చేదాన్ని పూడ్చేసి, డబ్బు పోసి ఎత్తుకోవడం ఏం తెలివి?

ఇక అసలు మాట. ఈ వంకల్ని పూడ్చేదెవరు? రియల్ ఎస్టేటు వాళ్ళు అని టక్కున చెప్పేస్తాం. వాళ్ళ దగ్గర కొనేదెవరు? హైవే పక్కన, కియా ఫ్యాక్టరీ దగ్గర అంటూ బ్రోచరు చూసి, స్థలం మొహం కూడా చూడకుండా అడ్వాన్సు పంపేది మన జీతాలే. దానికి 'లేక్ వ్యూ' అని పేరుంటే ఇంకో రెండు లక్షలు ఎక్కువ.

చట్టాలు లేక కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. చెరువుల్లాంటి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. అడిగేవాడే లేడు. కాబట్టి కొనేముందు ఒక్క పని చేయండి. ఆ సర్వే నంబరు పాత గ్రామ పటంలో ఎక్కడుందో చూడండి. వంక పోరంబోకు, చెరువు పోరంబోకు అని ఉంటే వదిలేయండి, ఎంత చవకైనా సరే. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కట్ట మీద సెల్ఫీ దిగి వచ్చేయకుండా, చెరువులోకి నీళ్ళొచ్చే వైపు రెండు కిలోమీటర్లు నడవండి. వంక ఎక్కడ తెగిందో మీకే తెలుస్తుంది. దాని ఫోటో తీసి, ఎమ్మార్వోకి అర్జీ పెట్టి, అప్పుడు గ్రూపులో పెట్టండి.

అడిగేటప్పుడు కూడా వరస తప్పకండి. ముందు వంక, తర్వాత పూడిక, తర్వాత తూము, మరవ. డబ్బు మిగిలితే బెంచీ. నీళ్ళుంటే బెంచీ లేకపోయినా జనం కట్ట మీద కూర్చుంటారు, ఆరున్నర వందల ఏళ్ళుగా కూర్చుంటూనే ఉన్నారు.