శనివారం మధ్యాహ్నం మూడు గంటలు

పోయిన శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, సరిగ్గా కంచం ముందు కూర్చోబోయే వేళకు, ఇంగ్లండులో వున్న మా మేనల్లుడి దగ్గరనుంచి ఫోను వచ్చింది. మామూలుగా వాడు ఆదివారంనాడు చేస్తాడు. వేళగాని వేళ ఫోను మోగేసరికి మా ఆవిడ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఏం నాయనా, అంతా కులాసాయేనా?" అన్నాను.

"కులాసాయే మామయ్యా. టీవీ పెట్టి వుందా?"

"వుంది. మీ అత్తయ్య సీరియలు నడుస్తోంది."

"అత్తయ్యను బతిమాలుకుని కాస్త ఫుట్‌బాల్ పెట్టండి మామయ్యా. మా వూరి జట్టు ఆడుతోంది. ఎవరు గోలు కొట్టిందీ నాకు చెబుతూ వుండండి."

నాకు నవ్వాగలేదు. వాడుండేది న్యూకాసిల్‌లో. ఆట జరిగే సెయింట్ జేమ్స్ పార్కు మైదానం ఆ వూరి నడిబొడ్డున వుంది. వాడి గది కిటికీ తీస్తే జనం కేకలు వినిపిస్తాయట. కేకలు చెవిన పడుతున్న మనిషి, గుంటూరులో చారన్నం కలుపుకుంటున్న నన్ను స్కోరు అడుగుతున్నాడు!

"టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళరాదూ?" అన్నాను.

"టిక్కెట్లా? అవి దొరకడం ఇక్కడ గగనం మామయ్యా."

"పోనీ టీవీలో చూడరాదూ?"

"ఇక్కడ వేయరు. మీకే వేస్తారు."

ఇదేం విడ్డూరమని వాడిచేత విషయమంతా చెప్పించుకున్నాను. ఆ తరువాత నేనూ కాస్త చదివాను. చదివినకొద్దీ, ఇది ఆటకు సంబంధించిన సంగతి అనిపించడం మానేసి, సంసారపక్షపు సంగతి అనిపించింది. అందుకే మీతో చెబుతున్నాను.

ఇంగ్లండులో ఒక కట్టుబాటు వుంది. శనివారం మధ్యాహ్నం రెండూ ముప్పావు మొదలు ఐదుంబావు దాకా ఆ దేశంలో ఏ ఫుట్‌బాల్ ఆటనూ టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూపకూడదు. శనివారం మూడు గంటల ఆటంటే అక్కడ తాతల కాలంనుంచీ వస్తున్న ఆచారం. చిన్న వూళ్ళలో చిన్న చిన్న క్లబ్బులన్నీ ఆ వేళకే ఆడతాయి. పెద్ద జట్ల ఆట ఇంట్లో కూర్చుని చూడవచ్చునంటే, చిన్న క్లబ్బు గేటు దగ్గర టిక్కెట్టు కొనే నాథుడుండడని భయం. సినిమా వచ్చిన నాలుగువారాలకే ఇళ్ళలో చూపిస్తే మా హాళ్ళకెవరు వస్తారని మన సినిమాహాళ్ళ యజమానులు మొత్తుకోలేదూ? అదే గోల.

ఈ కట్టుబాటుకు ఆద్యుడని బాబ్ లార్డ్ అనే పెద్దమనిషి పేరు చెబుతారు. వృత్తికి మాంసం వ్యాపారి. బర్న్‌లీ అనే వూరి క్లబ్బుకు అధ్యక్షుడు. మహా మొండిఘటం. 1960 ప్రాంతాల్లో తన మైదానంలోకి టెలివిజన్ కెమెరాలను అడుగుపెట్టనిచ్చేవాడు కాడు. పక్కవీధిలో సంతర్పణ జరుగుతుంటే పూటకూళ్ళ ఇంటికి డబ్బిచ్చి ఎవడు పోతాడని ఆయన వాదం అన్నమాట. ఆయన భయం ఉత్తుత్తిదని కొట్టిపారేయడానికి లేదు. 1960 సెప్టెంబరు 10న బ్లాక్‌పూల్, బోల్టన్ జట్ల ఆటను ఒక కంపెనీ ప్రత్యక్షంగా చూపింది. తరువాత పెద్ద క్లబ్బులు కెమెరాలను రానివ్వమనేసరికి ఆ ఒక్క ఆటతోనే ఏర్పాటంతా మూలబడింది. మళ్ళీ ఒక లీగు ఆటను ప్రత్యక్షంగా చూపడానికి 1983 అక్టోబరు దాకా, అంటే ఇరవైమూడేళ్ళు పట్టింది. మధ్యలో బీబీసీవారు 1964 ఆగస్టు 22న, అయిపోయిన ఆటలోని ముఖ్య ఘట్టాలను సాయంత్రంపూట చూపడం మొదలుపెట్టారు. మొదటిరోజు లివర్‌పూల్ ఆట. ఆ సాయంత్రం టీవీలో చూసినవారు ఇరవైవేలమంది. మైదానంలో చూసినవారు అంతకు రెండింతలకు పైగా వున్నారు! ఇవాళ చెబితే ఎవరైనా నమ్ముతారా?

తరువాత కథ డబ్బుది. 1992లో పెద్ద క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగు అనే వేరుకుంపటి పెట్టుకున్నాయి. ఐదేళ్ళకు 30 కోట్ల 40 లక్షల పౌన్లకు బేరం కుదిరింది. అప్పటినుంచి ప్రత్యక్షప్రసారం చూడాలంటే స్కై అనే సంస్థకు చందా కట్టవలసివచ్చింది. అప్పట్లో ఆ మొత్తం విని అందరూ ముక్కున వేలేసుకున్నారు. 2025 నుంచి నాలుగేళ్ళకు కుదిరిన బేరం 670 కోట్ల పౌన్లు. ఏడాది లెక్కన చూస్తే ఇరవైయేడు రెట్లు పైమాట. ఏడాదికి జరిగే 380 ఆటల్లో కనీసం 267 టీవీలో వస్తాయి. మిగిలినవాటిలో శనివారం మూడింటివి పోతాయి. అవి మావాడికి రావు, మనకు వస్తాయి. ఇక్కడి చందా వేరు, అక్కడి చందా వేరు. అక్కడ అన్నీ చూడాలంటే ఒక చందా చాలదు, రెండు కట్టాలి. పాలవాడికీ పేపరువాడికీ ఇచ్చినట్టు నెలనెలా ఫుట్‌బాల్‌వాళ్ళకూ ఇవ్వాలన్నమాట.

ఇంతకీ అభిమానులు ఏమంటారు? ఇక్కడే నాకు తమాషా అనిపించింది. వాళ్ళది ఒక మాట కాదు. మా మేనల్లుడి ఇంట్లోనే మూడు మాటలున్నాయి. వీడికి మూడు గంటల ఆట టీవీలో రావాలి. "టిక్కెట్టు కొనలేనివాడు అభిమాని కాడా?" అంటాడు. కింది వాటాలో వుండే ఇంటివారి ముసలాయన నలభై ఏళ్ళుగా మైదానానికి వెళుతున్న మనిషి. "టీవీలో వేస్తే మా శనివారం చచ్చినట్టే" అంటాడట. పక్కగదిలో వుండే కుర్రాడు ఏ దొంగదారినో ఇంటర్నెట్లో చూసేస్తాడు. వాడికి అసలు అభిప్రాయమే లేదు!

ముసలాయన బాధ మరొకటి వుంది. టీవీవారికి సదుపాయంగా ఆటల వేళలు మారిపోతూ వుంటాయి. శనివారం మూడింటికి అనుకున్న ఆట శుక్రవారం రాత్రికో, సోమవారం రాత్రికో జరుగుతుంది. న్యూకాసిల్ ఉత్తరపు కొసన వుంది. దక్షిణపు కొసన వున్న బోర్న్‌మత్‌లో ఆటంటే మూడువందల మైళ్ళ పైమాటే. సోమవారం రాత్రి ఎనిమిదింటి ఆట ముగిసేసరికి ఇంటికి రైలుండదు. మంగళవారం పనికెట్లా పోవాలి? ముందే కొనుక్కున్న రైలు టిక్కెట్టు డబ్బెవరిస్తారు? టీవీలో ఆట రక్తి కట్టేది జనం పాటలవల్ల, కేకలవల్ల. కేకలు వేసేవాడిని అర్ధరాత్రి రోడ్డుమీద వదిలేసి, ఆ కేకలను కోట్లకు అమ్ముకుంటున్నారని ఆయన మాట. కాదనగలమా? అభిమానుల సంఘాలు ఏళ్ళతరబడి పోరాడితే, పొరుగూరి మైదానానికి వచ్చే అభిమానుల టిక్కెట్టు ముప్పైపౌన్లు మించరాదని 2016లో కట్టడి చేశారు. అది గెలుపే. కాని వేళల సంగతి వేళలదే.

జర్మనీవాళ్ళు ఈ విషయంలో గట్టి పిండాలు. అక్కడి క్లబ్బుల్లో సగానికి పైచిలుకు ఓట్ల అధికారం సభ్యుల చేతిలో వుండాలని నియమం. 2018 ఫిబ్రవరిలో సోమవారం ఆటలు పెట్టినందుకు డోర్ట్‌మండ్ అభిమానులు రాకుండా వుండిపోయారు. ఇరవైవేలమందికి పైగా నిలబడి పాటలు పాడే దక్షిణపు గాలరీ వెలవెలబోయింది. ఫ్రాంక్‌ఫర్టులో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. 2021 నాటికి మొదటి శ్రేణిలో సోమవారం ఆటలు లేకుండా పోయాయి. ప్రసారాల ఆదాయంలో వాటాను పెట్టుబడిదారులకు అమ్మాలని లీగువారు చూస్తే, మళ్ళీ టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు, ఆఖరికి పిల్లలు ఆడుకునే రిమోటు కార్లు కూడా మైదానంలోకి వదిలారు. 2024 ఫిబ్రవరిలో ఆ బేరం కాస్తా మూలబడింది. మా ఆవిడకు ఈ రిమోటు కార్ల ముచ్చట మహా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకుంది.

ఆవిడకు ఇంకా నచ్చింది పోర్ట్‌స్మత్ వూరి కారెన్ మర్ఫీ కథ. ఆవిడ ఒక మద్యశాల నడిపేది. అక్కడ మద్యశాల అంటే మన కాఫీ హోటలు లాంటిది లెండి, వూరివాళ్ళంతా చేరి కబుర్లాడుకునే చోటు. స్కైవారి చందా వ్యాపారస్తులకు నెలకు కొన్నివందల పౌన్లు. ఈవిడ గ్రీసు దేశపు డబ్బా ఒకటి తెప్పించి, అంతకన్న ఎంతో తక్కువ డబ్బుతో అవే ఆటలు చూపించింది. కోర్టుకీడ్చారు, జరిమానా వేశారు. ఇంకొకరైతే కట్టేసి వూరుకునేవారు. ఈవిడ యూరపు న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2011 అక్టోబరులో, ఒక దేశపు డబ్బాను మరో దేశంలో వాడరాదనడం చెల్లదని తీర్పు వచ్చింది. మరుసటి ఏడు ఆవిడమీది శిక్ష కొట్టేశారు. అయితే తీర్పులో మెలిక కూడా వుంది. ప్రసారంలోని సంగీతం, గుర్తులు వంటివాటిపై హక్కులు యజమానులవేనట. అందువల్ల ప్రతి మద్యశాలా గ్రీసు డబ్బా తెచ్చుకోవడానికి దారి దొరకలేదు.

2020 సంగతి చెప్పి తీరాలి. కరోనా రోజులు. మైదానాల్లోకి ఎవరినీ రానివ్వడం లేదు. చందాలో రాని ఆటలు చూడాలంటే ఆటకు 14 పౌన్ల 95 పెన్నీలు విడిగా కట్టమన్నారు. ఉద్యోగాలు వూడి జనం కుదేలైన వేళ! న్యూకాసిల్ అభిమానులు కేకలు వేయలేదు, బంతులు విసరలేదు. ఆట చూడడం మానేసి, సరిగ్గా ఆ 14 పౌన్ల 95 పెన్నీలే వూళ్ళో పేదలకు తిండిగింజలిచ్చే సంస్థకు పంపారు. వేల పౌన్లు పోగుపడ్డాయి. తక్కిన వూళ్ళవాళ్ళూ అందుకున్నారు. నవంబరు కల్లా లీగువారు ఆ పద్ధతి చుట్టబెట్టేశారు. అప్పటికి మావాడు ఆ వూరు వెళ్ళి ఏడాది. చదువుకునే కుర్రాడు. వాడూ పంపాడట. ఇన్నేళ్ళకు మొన్న చెప్పాడు. అంతదాకా వాళ్ళమ్మకు కూడా తెలియదు.

డబ్బు ఎక్కువైతే ఈ బాధ. మరి డబ్బు రాకపోతే? ఇంగ్లండులో కింది శ్రేణి క్లబ్బులతో మూడేళ్ళకు 31 కోట్ల 50 లక్షల పౌన్ల ఒప్పందం చేసుకున్న ఒక డిజిటల్ టీవీ కంపెనీ 2002లో, గడువు మధ్యలోనే, దివాళా ఎత్తింది. దాని వెనకవున్న రెండు పెద్ద సంస్థలూ చేతులెత్తేశాయి. కోర్టుకు వెళితే, మీ దగ్గర హామీ పత్రంమీద సంతకం ఏదీ అన్నారు. లేదు! వస్తుందనుకున్న డబ్బును నమ్ముకుని ఆటగాళ్ళకు జీతాలు ఖాయం చేసిన క్లబ్బులు వరసగా అప్పులపాలయ్యాయి. చేబదులిచ్చినా నోటు రాయించుకోమని మా నాన్నగారు అనేవారు. ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు.

మనదేశం సంగతి ఎత్తితే మనసు చివుక్కుమంటుంది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకుంటాం గాని, ఒకనాడు హైదరాబాదు పేరు చెబితే దేశంలో జట్లు హడలిపోయేవి. హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టినవాడు, భారతదేశం జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం సంపాదించిపెట్టాడు. అప్పుడు టీవీ లేదు, చందా లేదు. ఇప్పుడు? మన ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో పదిహేనేళ్ళకు 700 కోట్ల రూపాయలకు హక్కులిచ్చింది. గడువు 2025 డిసెంబరుతో తీరేముందు కొత్తవారికోసం టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. ఇండియన్ సూపర్ లీగు నెలల తరబడి ఆగిపోయి, 2026 ఫిబ్రవరిలో కుదించిన ఆటలతో మొదలయింది. 2022 మార్చిలో ఆ లీగు గెలిచిన హైదరాబాదు జట్టు, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ చేరింది. గచ్చిబౌలి మైదానంలో పసుపు చొక్కాలు తొడుక్కుని గొంతులు చించుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు ఎవరికోసం అరవాలి? న్యూకాసిల్ కుర్రాడిది ఆట కనిపించని బాధ. వీళ్ళకు ఆడే జట్టే లేదు.

సరే, ఆ రాత్రికి వద్దాం. మా ఆవిడ సీరియలు త్యాగం చేసింది. నేను ఒకచేత్తో ఫోను, ఒకచేత్తో కలిపిన ముద్ద పట్టుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టాను. నాకు ఆఫ్‌సైడు అంటే ఏమిటో నిజానికి తెలియదు. "నలుపూతెలుపూ చారల చొక్కావాడు పరుగెడుతున్నాడు. పడిపోయాడు. లేచాడు" ఇట్లా సాగింది. మావాడు ఓపిగ్గా వింటున్నాడు. ఉన్నట్టుండి ఫోనులో హోరుమని చప్పుడు.

"మామయ్యా! గోలు! ఎవరు కొట్టారు?"

నేను టీవీ వంక చూశాను. బంతి ఇంకా మైదానం మధ్యలో వుంది. గోలువైపు ఎవరూ పోవడం లేదు.

"గోలెక్కడిదిరా? ఇంకా ఏమీ కాలేదు."

"అయింది మామయ్యా. ఇక్కడ వూరంతా అరుస్తోంది. మీకు టీవీలో రావడానికి కాస్త ఆలస్యం అవుతుంది. చూస్తూ వుండండి."

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. ముగ్గురం చూస్తున్నాం.