ఆ డాల్ఫిన్లను పడుకోనివ్వండి

(మావీ దీవికి వెళ్లే తెలుగు కుటుంబాలకు విన్నపం)



హవాయిలోని మావీ దీవి దక్షిణపు కొసన, వైలేయా రిసార్టులూ మకేనా దాటాక, రోడ్డు లావా రాళ్ల మధ్య సన్నబడి ఒకచోట ఆగిపోతుంది. అక్కడున్నదే కెయోనెఓఇఓ. 1786లో అక్కడ దిగిన ఫ్రెంచి నావికుడి పేరు మీద దాన్నే లా పెరూజ్ అఖాతం అంటారు. హలియాకల అగ్నిపర్వతం నుంచి వందల ఏళ్ల కిందట పారిన లావా సముద్రంలో కలిసిన చోటు అది. హోటలు లేదు, దుకాణం లేదు, తాగడానికి చుక్క నీరు లేదు. ‘ఏమీ లేనిచోటికి అంతదూరం దేనికి?’ అనకండి. ఎవరూ ఏమీ కట్టలేదు కనకే అక్కడ చూడటానికి ఇంత మిగిలింది.

అలా మిగిలినవాటిలో స్పిన్నర్ డాల్ఫిన్లూ ఉన్నాయి. అవి పొద్దున్నే ఇలాంటి అఖాతాల్లోకి వచ్చేది నిద్ర కోసం. రాత్రంతా లోతు సముద్రంలో చిన్న చేపల్నీ స్క్విడ్‌లనూ వేటాడి, పగలు అడుగున ఇసుక ఉన్న లోతులేని నీళ్లు వెతుక్కుంటాయి. షార్క్ వస్తే అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. వాటి మెదడులో ఒక సగం పడుకుంటే రెండో సగం మేలుకుని ఉంటుంది. అందుకే ఈదుతూనే నిద్రపోతాయి. ఒకదాని పక్కన ఒకటి, గెంతులు లేకుండా, అన్నీ కలిసి పైకొచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ మునుగుతాయి. మన కంటికి మాత్రం మెలకువగానే ఉన్నట్టుంటాయి. పడవ వెంటపడి, నలుగురు నీళ్లలోకి దూకితే ఆ నిద్ర కాస్తా చెడుతుంది. రోజూ ఇదే తంతయితే రాత్రి వేటకు సత్తువ ఎక్కడిది? అందుకే హవాయిలో వాటితో ఈదడాన్నీ, 50 గజాల లోపలికి వెళ్లడాన్నీ ఫెడరల్ ప్రభుత్వం 2021లో నిషేధించింది.

పక్కనే ఉన్న ఆహిహి-కినౌ, 1973లో హవాయి రాష్ట్రం ప్రకటించిన తొలి సహజ రక్షిత ప్రాంతం. జనం తాకిడి తట్టుకోలేక 2008లో దానిలో చాలా భాగం మూసేశారు. అక్కడి లావా గుంటల్లో మంచినీరూ ఉప్పునీరూ కలిసిన చోట గోరంత ఎర్ర రొయ్యలు బతుకుతాయి. మన దగ్గరా ఇలాంటి కథే ఉంది: విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు 2014లో భూవారసత్వ గుర్తింపు వచ్చినా, అప్పటికే ఎంత పోగొట్టుకున్నామో విశాఖవాళ్లను అడిగితే చెబుతారు. మూశాక బాధపడేకంటే ముందే జాగ్రత్తపడదాం.

కాబట్టి కెయోనెఓఇఓకు తప్పకుండా వెళ్లండి, కాకపోతే నడిచి చూడండి. తెల్లవారగానే బయల్దేరి, అక్కడి హోఆపిలి కాలిబాట దిగకుండా సాగండి. లావా అంచులు కత్తుల్లా ఉంటాయి. చెప్పులు పనికిరావు, మందపాటి అడుగున్న బూట్లు కావాలి. మంచినీళ్లు మీరే మోసుకెళ్లాలి. రాయి తేకండి, గుంటల్లో కాళ్లు పెట్టకండి. తెలుగు సంఘాలవారు టూర్ వివరాలు పంపేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ ముందు పెట్టండి.

పడవ టిక్కెట్టు కొనేముందు డాల్ఫిన్ల దగ్గరికి తీసుకెళ్తారా అని అడగండి. అవునంటే, ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్స్ కొనుక్కోండి.