కేవీ అంకెకు మోజుపడకండి
మోడల్ రేసు పడవకు బ్రష్‌లెస్ మోటార్ కొనేవాళ్లలో చాలామంది ముందు కేవీ అంకే చూస్తారు. అది లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క, బలం కాదు. నన్నడిగితే కేవీ తగ్గించి బ్యాటరీలో సెల్స్ పెంచాలి. వెయ్యి వాట్లకు 14.8 వోల్టుల నాలుగు సెల్స్ లైపో బ్యాటరీ నుంచి దాదాపు 68 ఆంపియర్లు లాగాలి, 22.2 వోల్టుల ఆరు సెల్స్ ప్యాక్ నుంచి 45 చాలు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అదే వైరులో నష్టం సగానికి పైగా తగ్గుతుంది. బరువంటారా, చిన్న కెపాసిటీ ప్యాక్‌తో అదీ సర్దుకుంటుంది. స్పీడ్ కంట్రోలర్ మాత్రం ఆరు సెల్స్‌ను తట్టుకునేదై ఉండాలి. పడవ ఒడ్డుకు రాగానే మోటార్‌నీ కనెక్టర్లనీ తాకి చూడండి. వేలు నిలవకపోతే మోటార్‌ను చల్లబరిచే నీళ్ల జాకెట్‌ను నమ్ముకోకుండా చిన్న ప్రొపెల్లర్ వేయండి.