లోపము తెలియని బేరము

నాందేడు జిల్లా దక్షిణ భాగమున, మరాఠీయు తెలుగును ఒకే వీథిలో వినవచ్చు ముఖేడ్ వంటి తాలూకా పట్టణమునందు, పెండ్లిండ్లకును పుట్టువెండ్రుకలకును ఫొటోలు తీసి కుటుంబమును పోషించుకొను ఒక స్టూడియో యజమాని కెమెరా ఒకనాడు హఠాత్తుగా పనిచేయుట మానివేసినచో, అతని యెదుట నిలుచు ప్రశ్న పైకి మిక్కిలి చిన్నది: దీనిని బాగు చేయింపవలెనా, వచ్చినంతకు అమ్మివేయవలెనా? ఈ ప్రశ్నకు బజారున లభించు సమాధానము తరచుగా నొక్కటే. "అన్నా, ఇది పోయినట్టే. రిపేరుకు పెట్టే పైసలకు ఇంకోటి వస్తది. బాడీ ఇచ్చిపో, ఎంతో కొంత ఇస్త" అను మాట నాందేడులో విన్నను, హైదరాబాదు కోఠీలో విన్నను, యాస మారునేమో గాని భావము మారదు. ఆ మాట అసత్యమని నేననను. పెక్కు తావుల నది సత్యమే కావచ్చును. అయితే కెమెరా పోయినదని తీర్పు చెప్పువాడును, ఆ పోయినదానిని కొనువాడును ఒక్కడే యగుట యందు చిక్కున్నది.

కుంటుచున్న ఎద్దును సంతకు తోలుకొనిపోయిన రైతు, దాని గిట్టలో ముల్లు విరిగినదో, ఎముకయే విరిగినదో తాను చూచుకొనక బేరమునకు నిలిచినచో, ఎదుటివాడు ఎముక విరిగిన ఎద్దునకే వెలకట్టును. ఇంటికి తోలుకొనిపోయి ముల్లు తీసికొనును. చెడిన కెమెరాలను అమ్ముకొనువారిలో అనేకులు చేయుచున్న దిదియే. లోపమేదో తెలియనంతవరకు అమ్మకమును గూర్చి గాని మరమ్మతును గూర్చి గాని నిర్ణయము చేయుట నిర్ణయమే కాదని నా అభిప్రాయము. అమ్ముమనుటయు, అమ్మవలదనుటయు నా వాదము కాదు. లోపము తెలిసికొనుట అనునది ఒక ప్రత్యేక కార్యమనియు, దానికి ప్రత్యేకముగా రుసుము చెల్లించి, కొనుగోలుతో సంబంధము లేనివానిచేత చేయించుకొనవలసినదనియు మాత్రమే నేను చెప్పదలచినది.

లోపములలో నుండు తారతమ్యము ఎంతటిదో కెమెరాను చేతబట్టి చూచినవారికి గాని బోధపడదు. లోహా తాలూకాలోని మాళెగావ్ జాతరలో ఖండోబా సన్నిధిని భక్తులు గుప్పెళ్లతో ఎగురజల్లు పసుపును, తెలంగాణమున మల్లన్న భక్తులు బండారి యని కన్నుల కద్దుకొను ఆ పసుపునే, తలచుకొనుడు. ఆ పొడి మనుష్యుని నొసట శోభించును గాని, జూమ్ చేసినప్పుడెల్ల గొట్టమువలె ముందుకు సాగి వెనుకకు ముడుచుకొను లెన్సు సందులలో చేరెనా, పిండివలె మెత్తనిదయ్యు పండ్లచక్రములను పట్టివేయును. చిన్న కెమెరాలలో లెన్సును త్రోయు మోటారు వేలిగోరంతటిది. దానికి తగినంత బలము లేక అది ఆగిపోగా, లోపలి ప్రాసెసరు ఆ సంగతి కనిపెట్టి, తెర మీద లెన్సు ఎర్రర్ అని చూపి తనంత తాను ఆపివేసికొనును. చూచువానికి కెమెరా చచ్చినట్లే. ఇందులో పాడైన భాగమే లేకపోవచ్చును. విప్పి తుడిచి మరల బిగించినంతమాత్రమున బాగగు సందర్భములు కలవు. అట్లే బ్యాటరీ మూత క్రింద అణుమాత్రమైన మీట యొకటి పెక్కు కెమెరాలలో నుండును; మూత సరిగా పడనిచో ఆ మీట నొక్కబడదు, కెమెరా మేల్కొనదు. కొక్కెము విరిగిన మూత వలన నల్లబడిన తెరయు, మదర్‌బోర్డు కాలిపోవుట వలన నల్లబడిన తెరయు కంటికి ఒక్కటిగానే కనబడును. మొదటిదానికి వలసినది ఒక ప్లాస్టిక్ మూత. రెండవదానికి వలసినది దాదాపు క్రొత్త కెమెరా.

పెండ్లి ఫొటోగ్రాఫరుల కెమెరాలలో అరుగునది తరచుగా షట్టరు. ప్రారంభశ్రేణి డీఎస్ఎల్ఆర్ కెమెరాల షట్టరును ఉత్పత్తిదారులు సాధారణముగా 1,00,000 సారులకు పరీక్షింతురు. మధ్యశ్రేణివానికి 1,50,000, వృత్తినిపుణుల కొరకు చేసిన కొన్నిటికి 4,00,000 వరకు చెప్పుదురు. హల్దీ మొదలు అప్పగింతల వరకు ఒక్క పెండ్లికి 2,000 ఫొటోలు తీసినచో, లక్ష యనగా 50 పెండ్లిండ్లు. రెండు మూడు ముహూర్తకాలములలో చేతికి తీరికలేని స్టూడియోవాడు ఆ సంఖ్యను దాటివేయగలడు. అది ఆయుర్దాయము కాదు. అంతవరకు నిలుచునని చేసిన అంచనా మాత్రమే. దానిని దాటి ఎన్నో ఏండ్లు పనిచేసినవియు, చేరకయే విఫలమైనవియు కలవు. షట్టరు పోయినదనినంత మాత్రమున కెమెరా పోయినట్లు కాదు. అది ఒక విడి భాగము, మార్చదగినది. ఆ బాడీకి తగిన లెన్సులు రెండు మూడు, ఫ్లాషు, అదనపు బ్యాటరీలు ఇంట నున్నవాడు వానినన్నిటిని నిరర్థకము చేసికొని మరియొక కంపెనీ బాడీకి మారుటకంటె షట్టరు మార్పించుకొనుటయే పెక్కుసార్లు లాభదాయకము. ఈ లెక్కను కొనువాడు తన నోట చెప్పడు. చెప్పవలసిన పనియు అతనికి లేదు.

నీటి మాట వేరు. 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకాలోని రావణ్‌గావ్, హస్నాళ్ మొదలగు ఊళ్లు వరదలో మునిగినప్పుడు మనుష్యులే కొట్టుకొనిపోయిన చోట కెమెరా ప్రస్తావన తెచ్చుట తగదని నేనెరుగుదును. అయినను ఇండ్లలోని యంత్రములు తడిసినప్పుడు మనము చేయు మొదటి పని, అది పనిచేయుచున్నదో లేదో చూతమని స్విచ్చి వేయుట, అదియే వాని ప్రాణము తీయుచున్నదని చెప్పక తప్పదు. బ్యాటరీని తీసివేసి, కార్డును తీసివేసి, ఎంత శీఘ్రముగా వీలైన నంత శీఘ్రముగా విప్పి శుభ్రపరచు వానికి అప్పగింపవలెను. బియ్యపు డబ్బాలో పాతిపెట్టుట వలన ఒండ్రుమట్టి తొలగదు, రాగి తీగల మీద మొదలైన చిలుము ఆగదు. వరదనీట మునిగిన కెమెరా ఎండిన పిమ్మట కొన్నాళ్లు చక్కగా పనిచేసి హఠాత్తుగా చెడుట కలదు గనుక, దానిని మరమ్మతు చేయించుటకు ఎక్కువ వ్యయము చేయవలదనియే నేను చెప్పుదును. వానకాలమున లెన్సులలో పుట్టు బూజు దీనికంటె మంచిది. తొలుతనే గుర్తించినచో తుడిచివేయవచ్చును, ఆలస్యమైనచో అది అద్దపు పూతను తినివేయును.

ఇంటిలోనే విప్పి చూచుకొందమను సాహసికులకు రెండు మాటలు. జపాను కెమెరాల మరలకు పైకి మన స్క్రూడ్రైవరు సరిపోయినట్లే కనబడును. కాని వాని గాళ్లు జపాను ప్రమాణమునకు కోయబడినవి, బజారులోని ఫిలిప్స్ మొన వానిలో పూర్తిగా దిగక, త్రిప్పగానే జారి, మర తలను గుండ్రముగా అరగదీయును. అటుపిమ్మట ఏ నిపుణుడును దానిని సులభముగా విప్పలేడు. రెండవది ప్రమాదకరము: ఫ్లాషునకు విద్యుత్తు నందించు కెపాసిటరులో, బ్యాటరీ తీసివేసిన తరువాత కూడ, దాదాపు 300 వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ముఖేడు నిజాము రాజ్యములో నున్న కాలమున, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ ఉపయోగించిన తరము కెమెరా కఱ్ఱపెట్టె. పెట్టె పగిలిన వడ్రంగి, తోలుతిత్తి చిరిగిన తోలుపనివాడు బాగుచేయగలిగిన యంత్రమది. డిజిటల్ కెమెరా పుట్టుక సయితము ఏమంత మర్మముగా జరుగలేదు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించిన 3.6 కిలోల పెట్టెలో నున్నవి ఒక సూపర్ 8 సినిమా కెమెరా లెన్సు, ఒక క్యాసెట్ రికార్డరు, 16 నికెల్ కాడ్మియం బ్యాటరీలు. ఒక్క బొమ్మను టేపు మీదికి ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. పాత వస్తువుల భాగములతో పుట్టిన యంత్రము, పాత వస్తువుల భాగములు దొరకనందున చచ్చుచుండుట విచిత్రము.

ఎందుకు దొరకవు? వ్యాపారము కుంచించినది. జపాను కెమెరా ఉత్పత్తిదారుల సంఘపు లెక్కల ప్రకారము 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు విపణికి వెళ్లగా, 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షలకు లోపడెను. కాసియో 2018లో చిన్న కెమెరాల నుండి తప్పుకొనెను. ఒలింపస్ తన కెమెరా విభాగమును వదలించుకొనుచున్నట్లు 2020లో ప్రకటించెను. కంపెనీ నిలిచియున్నను, ఒక నమూనా తయారీ ఆగిన పిమ్మట ఐదు మొదలు ఏడేండ్ల వరకు మాత్రమే విడిభాగములను నిలువ ఉంచుట వాడుక. అందుచేత కోఠీలోనో మరెక్కడనో కూర్చున్న నిపుణునకు క్రొత్త భాగము రాదు. చచ్చిన కెమెరాలలో నుండి తీసిన భాగమే గతి. అతడు మీ కెమెరాను "బాడీ" క్రింద అడుగుట అందుకే. మూడింటిని విప్పి రెండింటిని నిలబెట్టు ఆ పనివానిని నేను మోసగాడనను. నిజముగా మరమ్మతు అను విద్యను బ్రదికించుచున్నది అతడే. కాని మీ కెమెరాలోని సెన్సరు, తెర, షట్టరు చక్కగానున్నవని అతనికి తెలిసి మీకు తెలియకుండుట అతని లాభములో ఒక భాగము.

తెలియమి ఖరీదు ఎంతయో 2005లో లోకమంతయు చూచినది. సోనీ తయారుచేసి పలు కంపెనీలకు అమ్మిన సీసీడీ సెన్సరులలో, లోపలి తీగల అతుకు వేడికిని తేమకును విడిపోవు లోపమున్నట్లు ఆ సంవత్సరము బయటపడెను. బొమ్మ వక్రముగా వచ్చుటయో, అసలు రాకపోవుటయో దాని లక్షణము. కానన్, నికాన్, ఫ్యుజీ, ఒలింపస్ మొదలగు కంపెనీలు ఏయే నమూనాలలో ఆ సెన్సరు కలదో ప్రకటించి, వారంటీ గడచినను ఉచితముగా మార్చియిచ్చెదమనినవి. వేడియు తేమయు సమృద్ధిగా గల మన దేశమున ఆ ప్రకటనకు ముందు నెలలో అట్టి కెమెరాను తుక్కు వెలకు అమ్ముకొన్నవాడు కోల్పోయినది కెమెరాను కాదు, ఒక క్రొత్త సెన్సరును.

భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించెను. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన మరమ్మతు చట్టము బట్టలుతుకు యంత్రమును, ఫ్రిజ్జును, ఫోనును పేర్కొన్నది. ఆ జాబితాలో కెమెరా లేదు. ఫోనుతో పోల్చినచో కెమెరా అల్పసంఖ్యాకుల వస్తువు గదా! అయినను నేను కోరునది చట్టములు కోరుచున్న దానికంటె చిన్నది. సర్వీసు కేంద్రమున కెమెరాను తీసికొన్నప్పుడు, బాగుచేసినను చేయకున్నను, ఏ భాగము చెడినది, ఏవి చక్కగా నున్నవి, షట్టరు లెక్క ఎంత అను మూడు సంగతులను కాగితము మీద వ్రాసి యజమానికి ఇచ్చుట విధిగా నుండవలెను. ముఖేడు నుండి బస్సెక్కి నాందేడు వెళ్లినవాడు గాని, దేగ్లూరు, మద్నూరుల మీదుగా 161వ జాతీయ రహదారిని హైదరాబాదు చేరినవాడు గాని, ఆ కాగితముతో తిరిగి వచ్చినచో ఒక దినము కూలి పోయినను నష్టపోడు. "రిపేరు కాదు" అను ఒక్క మాటతో తిరిగివచ్చినవాడు ఆ దినమును, కెమెరాను రెంటిని పోగొట్టుకొనును.

కాగితము చేతికి వచ్చిన పిమ్మట నిర్ణయము అంత కష్టము కాదు. కూటికి ఆధారమైన కెమెరాను, లెన్సులు చక్కగానున్నచో, మరమ్మతు వ్యయము అదే తరగతి సెకండ్ హ్యాండ్ బాడీ వెలలో సగమునకు లోపడినంతవరకు బాగుచేయించుటయే మేలని నా లెక్క; నీట మునిగినదైనను, మదర్‌బోర్డు పోయినదైనను అమ్మివేయుటయే. ఇంటిలో అల్మారా నలంకరించు చిన్న కెమెరాను బాగుచేయించుట వ్యర్థమని కొన్నేండ్ల క్రిందట నేనును అనియుందును గాని, ఫోను బొమ్మల నునుపునకు విసిగిన యువతరము ఇరువదియేండ్ల నాటి ఆ బొమ్మలనే కోరి వెదకుచున్నందున, అట్టివానికి ఇప్పుడు వెల కలదు; లోపము చిన్నదైనచో తొందరపడి తుక్కువానికి వేయవలదు.

అమ్మునప్పుడు లోపమును దాచవద్దు; కాగితమునే చూపి వెల అడుగుడు, దాచిన లోపము కొనువాని కంటె ముందుగా మీ పేరును చెరుపును, చిన్న పట్టణములో మరియు వేగముగా. ఇక మెమొరీ కార్డును కెమెరాతో పాటు ఇచ్చివేయుట ఎంతమాత్రము తగదు. ఫార్మాట్ చేసినంత మాత్రమున బొమ్మలు పోవు. సామాన్యమైన సాఫ్ట్‌వేరుతో తిరిగి తీయవచ్చును. ఆ కార్డులో నున్నవి స్టూడియోవాని సొత్తు కావు, ఊరిలోని ఆడపడుచుల పెండ్లి ముఖములు. చిన్న కెమెరాలలో కార్డు లేకున్నను లోపల కొంత జ్ఞాపకస్థానముండును. అందులో నిలిచిన పది పదునైదు ఫొటోలను సయితము చూచి తీసివేసిన పిమ్మటనే దానిని పరుల చేత పెట్టవలెను.