సెక్యూరిటీ చెక్‌లో ఏ రోజు ఏ రూలో!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ళూ ఆంధ్రాలోనే ఉన్నా, మా జనానికి విమానమంటే బెంగుళూరు దేవనహళ్ళే. రేణిగుంట ఉంది గానీ, అమెరికాకో సింగపూరుకో పోవాలంటే దాంతో పని జరగదు. మదనపల్లె, పుంగనూరు వాళ్ళు బస్సులోనో కారులోనో వస్తారు. కుప్పం వాళ్ళు రైల్లో బెంగుళూరు చేరి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకుంటారు. ఇంటి దగ్గర బయల్దేరినప్పట్నుంచీ విమానాశ్రయం దాకా మన సంచిలో ఏముందని అడిగే నాథుడుండడు. అక్కడికి చేరాక మొదలవుతుంది అసలు కథ.

ముందే చెప్తున్నా, తనిఖీ వద్దని నేననడం లేదు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ-814 ని కాందహార్‌కి ఎత్తుకుపోయిన సంగతి ఎవరం మర్చిపోలేదు. ఆ తర్వాతే, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి, మన విమానాశ్రయాల కాపలా సీఐఎస్‌ఎఫ్ చేతికిచ్చారు. గంటల తరబడి నిలబడి, వేలమంది జేబులు తడిమే ఆ జవాన్ల మీద నాకు కోపం లేదు. నా గొడవల్లా ఒక్కటే. రూలు ఒకటైనప్పుడు, దాని అమలు ఊరికో రకంగా, పూటకో రకంగా ఎందుకుండాలి?

ప్రాజెక్టు పని మీద వారం వారం తిరిగేవాళ్ళకి ఇది బాగా అనుభవం. ఒక చోట ల్యాప్‌టాప్ తీస్తే చాలంటారు. ఇంకో చోట ఛార్జరు, మౌసు, ఇయర్‌ఫోన్సు, ఆఖరికి జేబులో చిల్లర కూడా ట్రేలో పెట్టమంటారు. మర్నాడు ముందుజాగ్రత్తగా అన్నీ తీసి పరిస్తే, "ఇవన్నీ ఎందుకు తీశావయ్యా, లోపల పెట్టు" అని కసురుకుంటారు. బెల్టు ఒక లైన్లో తియ్యాలి, పక్క లైన్లో అక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే, ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఒక్కో సర్వరు ఒక్కో అవుట్‌పుట్ ఇస్తోందన్నమాట. మన ఆఫీసులో ఇలాంటి కోడ్ రాస్తే టెస్టింగ్ వాళ్ళు ఊరుకుంటారా?

"అది కావాలనే అలా పెడతారు, ఊహించడానికి వీల్లేకపోవడమే సెక్యూరిటీ" అని నా మిత్రుడొకడు వాదిస్తాడు. ఇందులో సగం నిజముంది. *ఎవర్ని* ఎక్కువ తనిఖీ చేస్తారో ముందే తెలియకూడదు. అది సరైన పద్ధతే. కానీ *ఏ వస్తువు* తీసుకెళ్ళొచ్చో కూడా తెలియకపోతే ఎలా? దొంగ ఒక చోట కాకపోతే ఇంకో చోట ప్రయత్నిస్తాడు, వాడికి తొందరేం లేదు. నష్టపోయేది విమానం తప్పిపోతుందని కంగారుపడే మామూలు ప్రయాణీకుడే.

స్పష్టంగా రాసిపెట్టిన రూలు ఎలా పనిచేస్తుందో చూడాలంటే పవర్‌బ్యాంక్ సంగతే చూడండి. చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే సామాన్లో ఉండకూడదు, 100 వాట్ అవర్ల లోపైతే ఎవర్నీ అడగక్కర్లేదు. కారణం కూడా అందరికీ తెలుసు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్లో ఎవరో ఒకరు చూసి ఆర్పగలరు, కింద సామాన్ల మధ్యయితే కష్టం. ఒక అంకె, ఒక కారణం. దీని మీద ఎవరూ పోట్లాడరు.

ఈ రూళ్ళన్నీ ఒక రకంగా ప్యాచ్‌లు. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో బాంబు పెట్టుకుని విమానమెక్కాడు, తర్వాత అమెరికాలో అందరి చేతా బూట్లు విప్పించారు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పదార్థాలతో విమానాలు పేల్చే కుట్ర బయటపడింది, 100 మిల్లీలీటర్ల రూలు వచ్చింది. బాధేమిటంటే, ప్యాచ్ వెయ్యడం ఒక్క రోజు పని, తియ్యడానికి తరం మారాలి. అమెరికాలో బూట్ల రూలు ఎత్తేసింది 2025 జూలైలో! మన దగ్గర చేతి సంచి ట్యాగ్ మీద ముద్ర వేసేవాళ్ళు గుర్తుందా? ముద్ర పడలేదని విమానం దాకా వెళ్ళినవాణ్ణి కూడా వెనక్కి పంపేవాళ్ళు. 2017 ఏప్రిల్లో బెంగుళూరు, హైదరాబాదు సహా ఏడు విమానాశ్రయాల్లో దాన్ని తీసేశారు. ఆకాశమేం విరిగి పడలేదు.

2022 డిసెంబరులో డిజియాత్ర మొదలైంది. బెంగుళూరు మొదటి మూడింట్లో ఒకటి. ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, బాగుంది. కానీ అది వేగంగా తీసుకెళ్ళి నిలబెట్టేది మళ్ళీ అదే ఎక్స్‌రే బెల్టు ముందర. ఇరుకు అక్కడుంటే వాకిలి వెడల్పు చేసి ఏం లాభం?

ఇంతవరకూ చెప్పింది మనలాంటివాళ్ళ చిరాకు. అసలు బాధ మన వెనకాల వచ్చే పెద్దవాళ్ళది.

మా ఊళ్ళ నుంచి పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నల్ని గమనించండి. చాలామందికి అదే మొదటి విమానం. తెలుగు తప్ప రాదు, మహా అయితే కన్నడం, తమిళం అర్థమవుతుంది. అక్కడ మాట్లాడేది హిందీ. మనవడికని చేసిన కందిపొడి, చెనిక్కాయల పొడి చేతి సంచిలో పెట్టుకుంటారు. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బా కంటే ఎక్కువ పొడి చేతి సంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారనీ, తేలకపోతే వదలరనీ 2018 జూన్ నుంచీ రూలుంది. ఆ సంగతి మదనపల్లె బస్టాండులో ఎవరు చెప్తారు? ఒకసారి మా పెద్దమ్మ డబ్బా పక్కన పెట్టేశారు. "ఏం నాయనా, అది కారం పొడే కదా, కావాలంటే తిని చూడు" అంటోంది ఆమె. ఆ పిల్లాడికి తెలుగు రాదు, ఈమెకు హిందీ రాదు. ఆ డబ్బా అంతకు ముందు సంవత్సరం అదే విమానాశ్రయంలో నిక్షేపంగా వెళ్ళింది. పోయింది పొడి కాదండీ. ఏదో తప్పు చేసినట్టు నలుగురిలో నిలబడాల్సొచ్చిందే, అదీ ఆమె బాధ.

పేరున్నవాళ్ళకీ తప్పలేదు. "మయూరి" సినిమా సుధాచంద్రన్ గుర్తుంది కదా? వెళ్ళిన ప్రతిసారీ కృత్రిమ కాలు ఊడదీసి చూపించమంటున్నారని 2021 అక్టోబరులో ఆవిడ వీడియో పెట్టి ప్రధానమంత్రికే మొరపెట్టుకుంది. సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆవిడకి చెప్పారు సరే, మోకాలి చిప్ప మార్పించుకున్న పుంగనూరు రైతు వీడియో ఎవరు చూస్తారు?

రూలు తలచుకుంటే మారుతుంది కూడా. ఇరుముడిలో కొబ్బరికాయని చేతి సంచిలో తీసుకెళ్ళొచ్చని 2024 అక్టోబరులో విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. 2025 జనవరి 20 దాకా గడువు, పూర్తి తనిఖీ తర్వాతే అనుమతి. ఎవరికి, ఎప్పటిదాకా, ఏ షరతు మీద అన్నీ ఉన్నాయి. రాస్తే రూలు ఇలా రాయాలి.

అందుకే నేనడిగేది పెద్ద కోరికలేం కాదు. విమానయాన భద్రతా బ్యూరో ఒకే జాబితా వెయ్యాలి, అది తెలుగులో, కన్నడంలో కూడా ఉండాలి, టికెట్‌తో పాటు ఫోనుకి రావాలి. ట్రేలో ఏం పెట్టాలో ఆ లైను మొదట్లోనే బొమ్మలతో బోర్డు పెట్టాలి. ఏదైనా వస్తువు తీసుకుంటే ఏ రూలు కింద తీసుకున్నారో చిన్న చీటీ రాసివ్వాలి. చీటీ రాయాలంటే రూలు చూడక తప్పదు, దాంతో సగం తేడాలు వాటంతటవే పోతాయి. డబ్బు కట్టించుకునైనా ఆ వస్తువుని ఇంటికి పంపే ఏర్పాటుండాలి.

అంతవరకూ మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి అమ్మానాన్నల్ని పంపించేటప్పుడు టికెట్టూ వీసాలతో పాటు వాళ్ళ చేతి సంచి కూడా ఒక్కసారి మనమే సర్దుదాం. పొడులూ ఊరగాయలూ పెద్ద పెట్టెలోకి, మందులూ వాటి చీటీలూ చేతి సంచిలోకి. మోకాలి ఆపరేషన్ అయ్యుంటే డాక్టరు కాగితం పైనే కనబడేలా పెడదాం. రూళ్ళు మారేదాకా ఆ పెద్దవాళ్ళు నలుగురిలో తలదించుకోవాల్సిన పని లేదు కదా.