కోతల్లో పడ్డ ఎకో తేదీ

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, పల్నాడు పల్లెల్లో కల్లాలన్నీ మిర్చితో ఎర్రబడతాయి. పెద్దాసుపత్రి ఇచ్చిన గుండె పరీక్ష, అంటే టూడీ ఎకో తేదీ కూడా ఒక్కోసారి ఆ రోజుల్లోనే పడుతుంది. కాయ కోసే ముఠా దొరికిన రోజే పరీక్ష కూడా ఉంటే రైతు ఎటు వెళ్తాడో ఇక్కడ ఎవరినీ అడగనక్కర్లేదు. రిజిస్టర్‌లో మాత్రం ఆయన గైర్హాజరు. ఎంత చెప్పినా రారని, ప్రాణమంటే లెక్కలేదని సిబ్బంది విసుక్కుంటారు.

ఆ విసుగులో న్యాయం లేదు.

పండిన కాయ చెట్టు మీదే ఉండిపోతే రంగు తగ్గుతుంది. కోసిన కాయ కల్లంలో మంచుకో వానకో తడిస్తే తాలవుతుంది. యార్డులో తాలుకాయకు పలికే ధర వేరు. అప్పు తెచ్చి కౌలు కట్టిన రైతుకు ఏడాది కష్టమంతా ఆ కొద్ది రోజుల్లోనే తేలాలి. కూలీల పరిస్థితి ఇంకా ఇబ్బంది. కర్నూలు వైపు నుంచి, పశ్చిమ ప్రకాశం నుంచి కోతలకు వలస వచ్చి చేల దగ్గరే గుడారాలు వేసుకున్నవాళ్లకు సొంతూరి ఆసుపత్రిలో రాయించుకున్న తేదీ ఉన్నా లేనట్టే. పత్తి తీతల్లోనూ ఇదే వరస.

దూరం మరో అడ్డు. గిద్దలూరు, కంభం నుంచి దొనకొండ, వినుకొండ మీదుగా రైల్లో గుంటూరు వచ్చి వెళ్లాలంటే రోజంతా పోయినట్టే. తోడొచ్చే మనిషికీ కూలి పోతుంది. ఆడవాళ్ల విషయంలో ఆ తోడు దొరక్కే చాలా తేదీలు దాటిపోతాయి. ప్రభుత్వ పథకాల్లో చూస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు భరించింది. 2019 డిసెంబరు 2న గుంటూరులోనే ప్రారంభమైన ఆరోగ్య ఆసరా, చికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చేలా వచ్చింది. అంటే మంచాన పడ్డవాడి కూలి లెక్కకొచ్చింది గానీ, మంచాన పడకుండా పరీక్షకు వచ్చేవాడి కూలి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇక ఆసుపత్రి రాసిచ్చే చీటీ సంగతి. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకున్న ఆ కాగితం మీద తేదీ, పరీక్ష పేరు ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఉంటాయి. పరగడుపున రావాలా, తిని రావాలా? బీపీ బిళ్ల వేసుకోవాలా, మానాలా? ఎకోకు సాధారణంగా ఉపవాసం అక్కర్లేదు, నొప్పీ ఉండదు. యాంజియోగ్రామ్‌కు కొన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. ట్రెడ్‌మిల్ పరీక్షకు ముందు కొన్ని మందులు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. ఈ తేడాలు తెలియక ఇడ్లీ తినొచ్చి వెనుదిరిగిన మనిషి మళ్లీ ఛార్జీలు పెట్టుకుని రావడం కష్టం. యాంజియో అంటే స్టెంటు వేసేస్తారన్న భయం ఎలాగూ ఉంది. ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గ్యాస్ బిళ్లతో కాస్త తెరిపిస్తే, ఇప్పుడు బాగానే ఉందిగా అని చీటీ చూరులోకి వెళ్తుంది.

మొబైల్ సందేశాలతో గుర్తు చేస్తే, ఏమీ చేయనప్పటికంటే హాజరు పెరుగుతుందని 2013లో కొక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే చీటీ మీదున్న నంబరు హైదరాబాద్‌లో ఉండే కొడుకుదైతే ఆ సందేశం కల్లానికి చేరదు. ముందు రోజు తెలుగులో ఒక ఫోను, ఊళ్లో ఆశా కార్యకర్తకు ఒక కబురు, రెండూ కావాలి. తేదీ రాసేముందు ఆ వారం కోతలున్నాయా అని కౌంటర్లో అడగాలి. దూరం నుంచి వచ్చినవారికి వీలైతే ఆ రోజే ఎకో తీసి పంపాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లోనే గుండె మార్పిడి జరిగింది. గుండెనే మార్చగలిగిన చోట తేదీ మార్చడం అసాధ్యమేమీ కాదు.

రోగులూ ఒక పని చేయాలి. రాలేకపోతే మానేసి ఊరుకోకుండా, ఫోను చేసి ఇంకో తేదీ అడగాలి. నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతుంటే గ్యాస్ అనుకుని కోతలయ్యేదాకా ఆగొద్దు. నొప్పి ఆగకుండా చెమటలు పడితే ఏ తేదీ కోసమూ చూడకుండా 108కి ఫోను చేయండి.