జీపులో వెనక సీటు

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే గొడవ. ఆస్తి గురించి కాదు, పెళ్లి సంబంధం గురించీ కాదు. కోదాడ దగ్గర మా ఊరి కొట్టంలో దుమ్ము కొట్టుకుపోయిన ఓ పాత జీపు గురించి!

1968 నాటి మహీంద్రా జీపు అది. ఎత్తు బానెట్టు, ఎడమవైపు స్టీరింగు, పెట్రోలు ఇంజను. మా మామయ్యగారు 1979లో గవర్నమెంటు వేలంపాటలో కొన్నారట. సాగర్ ఎడమ కాలువ కట్టల మీద, వానాకాలం బురదలో, బస్సు మొహం చూడని ఊళ్లన్నీ తిరిగిన బండి. ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్న మా మరిది కొడుకు కన్ను దాని మీద పడింది. బురదలో, రాళ్లగుట్టల మీద జీపులు తోలే ఆఫ్‌రోడ్ పోటీలంటే వాడికి పిచ్చి.

"డీజిలు ఇంజను, పెద్ద టైర్లు, పవర్ స్టీరింగు వేయిస్తా పెద్దమ్మా. అప్పుడు చూడు దాని తడాఖా!" అంటాడు వాడు.

"ఒక్క నట్టు మార్చినా ఊరుకోను. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి" అంటారు మామయ్య.

ఆడవాళ్లకి బండి సంగతులెందుకు అంటారేమో. ఇంటి డబ్బు పెట్టేదీ, ఇంట్లో మనుషులు ఎక్కేదీ అయినప్పుడు మనకెందుకు కాదు? అందుకే మొన్న సూర్యాపేట నుంచి పనిగట్టుకుని కోదాడ వెళ్లి, ఇలాంటి జీపులతోనే జుట్టు నెరిసిన మెకానిక్కుని అడిగాను.

"ఇంజను బాగుచేయొచ్చమ్మా. పెద్ద టైర్లు వేస్తే మాత్రం బండి ఎత్తు పెరుగుద్ది, తొందరగా బోల్తా పడుద్ది. ఇరుసుల మీద, స్టీరింగు మీద, బ్రేకుల మీద భారం. ఈ బ్రేకులేమో పాతకాలం డ్రమ్ములు. నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిలు లైను. ఎక్కడ పైపు పగిలినా నాలుగూ పోతయ్" అన్నాడాయన.

చట్టం కూడా కనుక్కున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. ఇది మావాడికి చేదు. ఇక 2021లో వింటేజ్ బళ్లకి వేరే నిబంధనలొచ్చాయి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంటే ఆ హోదా వస్తుంది. కానీ ఆ హోదా వచ్చిన బండిని ర్యాలీలకీ, ప్రదర్శనలకీ తియ్యాలే గానీ రోజూ రోడ్డెక్కించకూడదు. ఇది మామయ్యకి చేదు.

ఈ గొడవంతా వింటూ చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తయ్య ఉన్నట్టుండి అంది, "ఆ రోజు కాలువ కట్ట దిగేటప్పుడు ఆగనిది ఆ బ్రేకులేగా?"

ఆ కథ నేను పెళ్లయిన కొత్తలోనే విన్నాను. బ్రేకులు ఫెయిలైతే గేర్లు తగ్గించుకుంటూ మామయ్య బండిని ఎంత చాకచక్యంగా ఆపారో ఆయన నోటే విన్నాను. వెనక సీట్లో ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పొదువుకుని కూర్చున్న అత్తయ్య గుండె ఎలా కొట్టుకుందో ఇన్నేళ్లకి మొదటిసారి విన్నాను. అసలు రూపం, అసలు రూపం అంటాం గానీ, ఆ భయం కూడా అసలుదే కదా!

నా మటుకు నాకు ఒకటే లెక్క. గ్రైండరొచ్చాక రుబ్బురోలుని తులసికోట పక్కన పెట్టుకున్నాం గానీ, మోటారు బిగించడానికని దాన్ని పగలగొట్టలేదు. జీపూ అంతే. రేపు వద్దనుకుంటే మళ్లీ యథాతథంగా పెట్టగలిగిన మార్పయితే చెయ్యొచ్చు. ఛాసిస్ కొయ్యడం, బాడీ చీల్చడం, ఇంజను పారేయడం అలాంటివి కావు. ఒకసారి కోస్తే కోసినట్టే. పోటీలకే కావాలంటే మావాడు ఇంకో బండి చూసుకోవాలి. యాభై ఏళ్ల బండిని బలివ్వక్కర్లేదు.

అలాగని ప్రాణాల దగ్గర పాతదనం పనికిరాదు. ఒక లైను పోయినా రెండోది పట్టుకునే బ్రేకులు, సీటు బెల్టులు వేయించాల్సిందే. ఆర్టీవో ఆఫీసులో ముందు అడిగి మరీ వేయించాలి. చూసేవాళ్లకి రంగు ముఖ్యం కావచ్చు. కూర్చునేవాళ్లకి ఆగడం ముఖ్యం.

చివరికి అత్తయ్యని అడిగాను, "మీకేం మార్చాలనుంది?" అని.

"ఎక్కడానికి ఓ మెట్టు పెట్టించమను. చీరె కుచ్చిళ్లు ఓ చేత్తో పట్టుకుని చక్రం మీద కాలేసి ఎక్కేదాన్ని. ఎన్నిసార్లు జారానో!"

నలభై ఏళ్లకి పైగా ఆ జీపు ఎక్కి దిగిన మనిషిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మామయ్య తల దించుకున్నారు. మావాడు మాత్రం కాగితం తీసి రాసుకున్నాడు. బోల్టులు విప్పితే ఊడొచ్చే మెట్టు.